ఆ తల్లి తప్పేంది? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన సంచికలో 'ఆనీ జాన్' నవల గురించి రాశాను కదా, దానికి వచ్చినన్ని ఉత్తరాలు ఈమధ్య దేనికీ రాలేదు. సగం మంది తల్లి పక్షం, సగం మంది బిడ్డ పక్షం, ఇద్దరు ముగ్గురు మాత్రం నన్నే తిట్టారు. ఆ సంచిక చూడనివాళ్ల కోసం కథ రెండు మాటల్లో చెప్తాను. ఆంటిగ్వా అనే చిన్న కరీబియన్ దీవి, అప్పటికింకా బ్రిటిష్ వాళ్ల పాలనలో ఉంది. ఆనీ తల్లిదండ్రులకు ఒక్కతే బిడ్డ. పదేళ్ల వయసులో ఆమెకు అమ్మే లోకం, పదిహేడేళ్లకు అదే అమ్మకు దూరంగా పోతే చాలని ఓడెక్కుతుంది. ఈ రెంటికీ మధ్య ఏం జరిగిందన్నదే నవల. రాసినావిడ జమైకా కిన్‌కెయిడ్, పుస్తకం వచ్చింది 1985లో. ఇక ఉత్తరాలు చూద్దాం.

ప్రశ్న: అక్కా, పుస్తకం రెండుసార్లు చదివాను. ఆ తల్లి తిండి మాన్పించలేదు, చదువు ఆపలేదు, బిడ్డను ఇంట్లోంచి వెళ్లగొట్టలేదు. ఒకే గుడ్డతో ఇద్దరికీ బట్టలు కుట్టించుకునేది ఇకమీదట వద్దంది, అంతే. దానికి ఇంత పగా? అసలు ఆ తల్లి తప్పేంది?
– డిగ్రీ విద్యార్థిని, హనుమకొండ

జవాబు: తప్పు వెతుకుతూ చదివితే నీకు దొరకదు చెల్లీ, ఎందుకంటే ఆవిడ చేసింది మన ఇళ్లలో ప్రతి తల్లీ చేసేదే. నువ్వు 'అంతే' అన్న ఆ బట్టల సంగతి దగ్గరే కాసేపు ఆగుదాం. అప్పటిదాకా తల్లీబిడ్డలు కలిసి స్నానం చేసేవాళ్లు, ఆ నీళ్లల్లో ఏవో బెరళ్లూ పూలూ వేసి కాచేవాళ్లు. తల్లి తన పాత సందుగ తెరిచి, ఆనీ చిన్నప్పటి ఒక్కొక్క వస్తువూ బయటికి తీసి, ఇది నీకు ఎప్పుడు తొడిగాను, ఇది ఎప్పుడు కుట్టాను అని కథలు చెప్పేది, ఆ పిల్ల ఎన్నిసార్లు విన్నా మళ్లీ చెప్పమనేది. అట్లాంటి పిల్ల ఒకరోజు బట్టల దుకాణంలో ఓ గుడ్డ చూసి, ఇది మనిద్దరికీ బాగుంటుందని సంబరంగా అంటే, తల్లి వద్దంటుంది, నీకింక నీ బట్టలు వేరే ఉండాలి, జీవితాంతం నాకు నకలుగా తిరుగుతావా అన్నట్టు మాట్లాడుతుంది. నిన్నటిదాకా ముద్దొచ్చిన పోలిక ఇయ్యాల ఎందుకు ఎబ్బెట్టు అయిందో ఒక్క ముక్క చెప్పదు. ఆ వెంటనే మర్యాదలు నేర్చుకోమని ఒకావిడ దగ్గరికి, పియానో నేర్చుకోమని ఇంకొకావిడ దగ్గరికి పంపిస్తుంది. మొదటిచోట మోకాళ్లు వంచి దండం పెట్టమంటే ఈ పిల్ల పిత్తినట్టు చప్పుళ్లు చేస్తుంది, రెండోచోట పియానో మీద గిన్నెలో పెట్టిన పళ్లన్నీ తినేస్తుంది. రెండుచోట్లా వెళ్లగొట్టారు. నాకైతే నవ్వాగలేదు.

తర్వాత అసలు దెబ్బ తగులుతుంది. ఒకరోజు ఇంటికొచ్చేసరికి అమ్మానాన్నలు మంచం మీద ఉంటారు. ఆనీ కంటికి ఆనింది తల్లి చెయ్యి ఒక్కటే, నాన్న వీపు మీద గుండ్రంగా తిరుగుతున్న చెయ్యి. తనకు నీళ్లుపోసిన చెయ్యే అది, కానీ ఆ పిల్లకు అది పాలిపోయి, ఎముకలు తేలి, ఎప్పుడో చచ్చిపోయినదానిలా కనిపిస్తుంది, ఇక ఆ చెయ్యి తనను ముట్టుకోవడానికి వీల్లేదని అనుకుంటుంది. ఇందులో తల్లి తప్పు ఎక్కడుంది చెప్పు? అయినా ఆ పిల్ల కడుపులో మంట నిజం కాకుండా పోతుందా?

మన దగ్గర ఆడపిల్ల పెద్దమనిషి అయితే ఫంక్షన్ హాల్ మాట్లాడి, పట్టులంగా కట్టించి, ఫ్లెక్సీ కొట్టించి, ఊరంతటినీ పిలిచి భోజనం పెడతాం. మర్నాటి నుంచే ఆ మూల కూర్చో, వాడితో మాట్లాడకు, చున్నీ సరిగ్గా వేసుకో అంటాం. నిన్న పూలల్లో కూర్చోబెట్టినవాళ్లే ఇయ్యాల ఎందుకిట్లా కసురుకుంటున్నారో ఆ పిల్లకు కూర్చోబెట్టి చెప్పేవాళ్లు ఎంతమంది? పగ అన్నావు కదా, ఇంకో చోటు కూడా చూడు. తల్లి అంటే ఒళ్లు మండే రోజుల్లో కూడా ఆనీ తల్లి చావు కోరుకోలేకపోతుంది, అమ్మ చచ్చిపోతే నేనూ చచ్చిపోవాల్సిందే కదా అనుకుంటుంది. పగబట్టినవాళ్లు ఇట్లా లెక్కేసుకోరు.

ప్రశ్న: ఈ పిల్ల అబద్ధాలాడుతుంది, లైబ్రరీ పుస్తకాలు దొంగతనం చేస్తుంది, తల్లికి తెలియకుండా గోటీలాడుతుంది. ఇట్లాంటిదాన్ని నాయికగా పెట్టిన నవల చదివి మన ఆడపిల్లలు ఏం నేర్చుకోవాలని మీ ఉద్దేశం?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, కరీంనగర్

జవాబు: సార్, నవల నీతిచంద్రిక కాదు. మన ఉమ్మడి వరంగల్ జిల్లా రచయిత నవీన్ గారి 'అంపశయ్య' 1969లో వచ్చింది, యూనివర్సిటీ హాస్టల్లో ఉన్న రవి బుర్రలో ఒక్కరోజులో తిరిగిన ఆలోచనలన్నీ అందులో ఉన్నాయి, అవన్నీ సత్ప్రవర్తన పాఠాలేం కావు. దాన్ని గొప్ప నవల అని నెత్తిన పెట్టుకున్నాం, అది న్యాయమే. మగపిల్లవాడి మనసులో చెత్త ఉండొచ్చు, ఆడపిల్ల మనసు మాత్రం రోజూ ఊడ్చి ముగ్గేసినట్టు ఉండాలంటే ఎట్లా?

గోటీల సంగతి ఎత్తారు కాబట్టి, అది నవల మొత్తంలో నాకు బాగా నచ్చిన చోటు. గోటీలన్నీ ఇంటి కింద ఖాళీలో దాచి ఉంటాయి. తల్లికి అనుమానమొచ్చి రోజూ వెతుకుతుంది, దొరకవు. చివరికి కూర్చోబెట్టి తన చిన్ననాటి కథ చెప్తుంది. నెత్తి మీద పచ్చి అరటిగెల పెట్టుకుని కొండ దారిన ఇంటికి నడిచొస్తుంటే ఎప్పటికంటే బరువు అనిపించిందట, తీరా దించి చూస్తే అందులోంచి పొడుగాటి నల్లపాము జారిపోయిందట. వింటున్న ఆనీకి కళ్లనిండా నీళ్లొస్తాయి. పాపం అమ్మ, ఇంత చిన్న వయసులో అంత బరువు మోసింది, ఇప్పుడే అన్నీ చెప్పేద్దాం అనుకుంటుంది, నోటిదాకా వస్తుంది. సరిగ్గా అప్పుడే తల్లి మెత్తటి గొంతుతో, నీ గోటీలెక్కడున్నాయే అని అడుగుతుంది. పిల్లకు అర్థమైపోతుంది, కథ చెప్పింది గోటీల కోసమని. అంతే మెత్తగా, నా దగ్గర గోటీల్లేవమ్మా అంటుంది. ఎవరి దగ్గర ఎవరు అబద్ధం నేర్చుకున్నారో మీరే చెప్పండి.

ప్రశ్న: మా బిడ్డ హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతున్నది. బైపీసీ తీసుకుంటానంటే మేమే ఎంపీసీలో వేశాము, చేరినంక అదే మంచిదని నచ్చజెప్పినము. మొన్న ఇంటికొచ్చినప్పుడు ఈ పుస్తకం నా చేతిల పెట్టి చదువమ్మా అని వెళ్లిపోయింది. నేను టెన్త్ దాకే చదివిన, మా మరిది కొడుకు దగ్గర కూర్చొని చదివించుకున్న. ఒక్కచోట ఎర్ర పెన్నుతో గీత కొట్టింది, అది తల్లి బిడ్డకు కూర తినిపించే దగ్గర. నేను ఆ తల్లి లెక్కనే కనిపిస్తున్ననా మేడం? అడగాల్నా, ఊకోవాల్నా? రాత్రి నిద్ర పడ్తలేదు, మస్తు టెన్షన్‌గా ఉన్నది.
– ఒక తల్లి, జగిత్యాల

జవాబు: ముందుగా టెన్షన్ తగ్గించుకోండి. మీతో మాట్లాడొద్దనుకున్న పిల్ల అయితే పుస్తకం తెచ్చి ఇచ్చేది కాదు, హాస్టల్లో తలగడ కింద పెట్టుకుని చదువుకునేది.

ఆ గీత కొట్టిన చోటు ఏమిటో అందరికీ చెప్తాను. ఆ దీవిలో బ్రెడ్‌ఫ్రూట్ అని ఒక కాయ ఉంటుంది, మన పనసకు దగ్గరి చుట్టం, ఆనీకి అదంటే అస్సలు పడదు. బళ్లో పెద్ద శిక్ష పడి ఏడుపు మొహంతో ఇంటికొచ్చిన రోజునే తల్లి దాన్ని బియ్యపు మెతుకుల్లా కనిపించేట్టు చేసి వడ్డిస్తుంది. ఇదేమిటంటే, బెల్జియం నుంచి వచ్చిన కొత్తరకం బియ్యం అంటుంది. తిన్నాక అసలు సంగతి తెలుస్తుంది, తల్లి నవ్వుతుంది. ఆ నవ్వులో తెల్లటి పళ్లు చూసి ఆనీకి అమ్మ ఒక మొసలిలా కనిపిస్తుంది.

ఇప్పుడు మీ ఉత్తరంలో మీరే రాసింది మళ్లీ చదవండి. బైపీసీ అన్నది, ఎంపీసీలో వేశారు, చేరినంక అదే మంచిదని నచ్చజెప్పారు. బెల్జియం బియ్యం అంటే అదేనమ్మా. కాయ మంచిదే, ఒంటికి బలమే, మీరు పెట్టింది ప్రేమతోనే. ఆమె కోపం కాయ మీద కూడా కాకపోవచ్చు, బియ్యం అని చెప్పినందుకు. మీరు అడిగారు కాబట్టి నిష్ఠూరంగానే చెప్తున్నాను, ఆ నవలలో తల్లికీ మీకూ ఈ ఒక్కచోట పోలిక ఉంది. మిగతాది లేదు, ఆవిడ ఏ పత్రికకూ ఉత్తరం రాయలేదు.

అడగాలా అంటే, గీత ఎందుకు కొట్టినవే అని నిలదీయకండి. పైన మాస్టారికి రాసిన గోటీల కథ చూడండి, కూపీ లాగడానికి మెత్తగా మాట్లాడితే పిల్లలకు క్షణంలో తెలిసిపోతుంది. బైపీసీ విషయంలో నిన్ను అడగకుండా చేశాము, అని సూటిగా ఒక్కమాట చెప్పండి. దానికింద 'కానీ' అని ఇంకో వాక్యం తగిలించొద్దు. గ్రూపు మార్చడం ఇప్పుడు కుదురుతుందా లేదా అన్నది కాలేజీలో కనుక్కుని, కుదిరితే కుదురుతుందనీ లేకపోతే లేదనీ నిజం చెప్పండి.

ఇంకొకటి. నవలలో ఆ తల్లి సందుగ ఎక్కడిదో గమనించారా? ఆవిడ పదహారేళ్లప్పుడు తన తండ్రితో గొడవపడి డొమినికా దీవిలో ఇల్లు విడిచి, ఆ పెట్టెలో బట్టలు సర్దుకుని ఒక్కతే పడవెక్కి ఆంటిగ్వా వచ్చింది. అంటే బిడ్డ చేయబోయేది తల్లి ఎప్పుడో చేసేసింది. అయినా నాకూ నీ వయసులో ఇట్లాగే ఉండేది అని ఒక్కనాడూ నోరు తెరిచి అనదు. మీరు టెన్త్‌తో ఎందుకు ఆపారు? ఇంకా చదవాలని ఉండిందా? మీ బిడ్డకు తెలుసా? సెలవులకు వచ్చినప్పుడు, దసరాకైతే ఇంకా మంచిది, బతుకమ్మకు గునుగుపూలు కోసి రంగులద్దుతూ కూర్చున్నప్పుడు చెప్పండి. చేతులకు పని ఉంటే మొహాలు చూసుకోనక్కర్లేదు, మాట దానంతటదే నడుస్తుంది. బదులుగా ఆమె నుంచి ఏమీ రాబట్టాలని చూడకండి.

ప్రశ్న: తల్లీకూతుళ్ల కథలో కొలంబస్ గొడవ ఎందుకు? అతికించినట్టు లేదూ?
– కాజీపేట

జవాబు: అతికించినట్టు అనిపించినా కుట్టు లోపల ఉంది. చరిత్ర పుస్తకంలో కొలంబస్‌కు సంకెళ్లు వేసి తీసుకుపోతున్న బొమ్మ కింద, మహానుభావుడు ఇక లేచి వెళ్లలేడు పాపం అన్న అర్థం వచ్చేట్టు ఆనీ ఒక వాక్యం రాస్తుంది. టీచరుకు ఒళ్లు మండి, ఇంగ్లీషు కవి మిల్టన్ రాసిన పెద్ద కావ్యం 'పారడైజ్ లాస్ట్' మొదటి రెండు భాగాలు చూసి రాయమని శిక్ష వేస్తుంది, ఇందాక చెప్పిన ఏడుపు మొహం ఇందుకే. ఆ వాక్యం ఆనీ సొంతం కాదు. ఊళ్లో తన తండ్రి కాళ్లు పడిపోయినంత పనై మంచాన ఉన్నాడని ఉత్తరం వస్తే, తల్లి కసిగా నవ్వుతూ అన్న మాట అది. తల్లి తన తండ్రి మీద అన్నదాన్ని, బిడ్డ తన దేశాన్ని పట్టుకున్న దొరల మీద ప్రయోగించింది. ఆ దీవికి స్వాతంత్ర్యం వచ్చింది 1981లో, నవల దానికి నాలుగేళ్ల తర్వాత వచ్చింది. ఇంట్లో తెలుగు, బళ్లో ఉర్దూ మీడియం చదివిన నిజాం కాలపు పెద్దవాళ్లు మీ ఇంట్లో ఉంటే వాళ్లకు ఈ అధ్యాయం చదివి వినిపించండి, నాకంటే బాగా చెప్తారు.

ప్రశ్న: ఇది రచయిత్రి సొంత కథేనా?
– వరంగల్

జవాబు: చాలా దగ్గరి కథే. ఆవిడ 1949లో ఆంటిగ్వాలో పుట్టింది, పదహారు పదిహేడేళ్లప్పుడే ఇల్లు విడిచి అమెరికాలో ఒక ఇంట్లో పిల్లల్ని చూసుకునే పనికి పోయింది, జమైకా కిన్‌కెయిడ్ అన్నది తర్వాత పెట్టుకున్న పేరు. అయితే ఆవిడకు తొమ్మిదేళ్లు వచ్చాక వరసగా ముగ్గురు తమ్ముళ్లు పుట్టారు, తల్లి దృష్టి వాళ్ల మీదికి మళ్లింది. నవలలో ఆ తమ్ముళ్లు లేరు! ఆనీ ఒక్కతే బిడ్డ. తమ్ముళ్లను పెట్టి ఉంటే మనమంతా ఓహో, మగపిల్లలు పుట్టేసరికి ఆడపిల్లను పక్కనపెట్టారు అని ఒక కారణం చేతబట్టుకుని హాయిగా నిద్రపోయేవాళ్లం. ఆ సుఖం మనకు ఇవ్వకూడదనుకుంది. నా ఊహ అనుకోండి, కానీ గట్టి ఊహే.

ప్రశ్న: మా అమ్మ బీడీలు చేస్తుంది. నాతో ఎన్నడూ మంచిగ మాట్లాడింది లేదు. ఆమె గురించి నవల రాద్దామని కూసుంటే రెండో పేజీకే తిట్టుడు మొదలుపెడ్తున్న, లేకపోతే త్యాగమూర్తిని చేసి ఏడిపిస్తున్న. ఎట్ల రాయాలె అక్కా?
– కోరుట్ల

జవాబు: రెండూ ఒకటే జబ్బు. రెండిట్లోనూ నువ్వు ముందే తీర్పు రాసేసుకుని సాక్ష్యాల కోసం వెతుకుతున్నావు. అమ్మ ఎట్లాంటిది అన్న మాట పక్కనపెట్టి అమ్మ చేతులు రాయి. తునికాకు నానబెట్టి, కత్తెరతో కొలత ప్రకారం కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, మూతి ముడిచేటప్పుడు ఆ వేళ్లు ఎట్లా పోతాయో నీకు తెలిసినట్టు నాకు తెలియదు. ఒళ్లో చాట పెట్టుకుని కూర్చున్న మనిషి ఎవరి మొహమూ చూడదు, ఆమెకు చూపు ఎత్తితే ఓ బీడీ తగ్గుతుంది. 'మంచిగ మాట్లాడలేదు' అన్నావు కదా, వెయ్యి బీడీల లెక్క పూర్తిచేయాల్సిన మనిషి ఏ టైంలో మాట్లాడాలి అన్నది నువ్వు రాయక్కర్లేదు, చాట రాస్తే చదివేవాళ్లే అడుక్కుంటారు. కంపెనీలో బాగా లేవని బీడీలు తీసేసిన రోజు ఇంట్లో నీ వీపు మీద ఏం పడ్డదో కూడా రాయి. దాచకు. ఆ పక్కనే, బడి నుంచి వచ్చి నువ్వు కట్టిన కట్టల్లో బీడీలు తక్కువ పెట్టిన రోజు ఉంటే అదీ రాయి.

కథ చెప్పే పిల్లకు ఎన్నేళ్లో ఖాయం చేసుకో. పన్నెండేళ్ల పిల్ల చెప్తుంటే ఆమెకు పన్నెండేళ్ల అన్యాయం చేసే హక్కు ఉంది, మధ్యలో నువ్వు పెద్దదానివై దూరి, పాపం అమ్మకు ఎన్ని కష్టాలో అనొద్దు. 'ఆనీ జాన్'లో రచయిత్రి ఎక్కడా దూరదు, అందుకే తల్లి మీద మనకు జాలి వేస్తుంది. ఆనీకి వేయదు, మనకు వేస్తుంది. తిట్లు మాత్రం పుస్తకాల భాషలో వద్దు, మీ అమ్మ ఎట్లా తిడుతుందో అట్లాగే రాయి. మొదటి ఇరవై పేజీలు అయ్యాక పంపు, చదువుతాను.

ప్రశ్న: మా ఇంట్లో తల్లీబిడ్డలకు క్షణం పడదు. ఆ నవలలో తండ్రి ఏం చేస్తాడు?
– జనగామ

జవాబు: వడ్రంగం చేస్తాడు. ఇల్లు, మంచం, అన్నీ ఆయన చేతివే. భార్యకంటే ముప్ఫై అయిదేళ్లు పెద్ద, గొడవల్లో నోరు విప్పడు. తల్లి బజార్లో మగపిల్లలతో మాట్లాడుతున్న బిడ్డను చూసి ఇంటికొచ్చాక మాటలతో చీల్చేస్తుంది, ఆనీ కూడా తల్లి ఎట్లాగో బిడ్డ అట్లాగే అని తిప్పి కొడుతుంది. ఆ తర్వాత ఆయన నీకేం కావాలి బిడ్డా అని అడిగితే, నాకు వేరే సందుగ కావాలి అంటుంది. చేసి ఇస్తాడు. అమ్మ సందుగలో తన చిన్నతనం అంతా ఉంది, ఇకమీదట దాంతో పని లేదని ఆ పిల్ల అంటున్నదని ఆయనకు అర్థమైందో లేదో. మీరు ఇట్లా ఉత్తరం రాసి అడిగారంటేనే ఆయనకంటే మేలు.

ప్రశ్న: చివరికి కలిసిపోతారా లేదా? నాకు ముగింపు అర్థం కాలేదు.
– భూపాలపల్లి

జవాబు: కలిసిపోరు. ఓడ దగ్గర తల్లి గట్టిగా కావలించుకుని, ఎక్కడికి పోయినా నేను నీ తల్లినే, ఇది నీ ఇల్లే అన్నట్టు చెప్తుంది. మన సినిమాల్లో అయితే అక్కడ పాట పడేది. ఇక్కడ ఊపిరాడక ఆనీ ఉలిక్కిపడుతుంది, ఈమెకు ఇప్పుడు నా దగ్గర ఏం కావాలి అనుకుంటుంది. గోటీల రోజు గుర్తున్న పిల్ల కదా! తల్లి ఆ క్షణంలో నిజంగానే అన్నదని నేను నమ్ముతాను, మా ఇంట్లో ఇంకొకరు నమ్మరు, ఈ విషయం మీద మేం మాట్లాడుకోవడం మానేశాం.

ప్రశ్న: నా ఇంగ్లీషు అంతంత మాత్రం. చదవగలనా?
– ములుగు

జవాబు: చదవగలరు. పుస్తకం సన్నది, ఎనిమిది అధ్యాయాలే, మాటలన్నీ ఇంట్లో వాడుకునేవే. వాక్యాలు మాత్రం పొడుగు, ఒక్కోటి అర పేజీ దాకా పోతుంది, అర్థం కాకపోతే వెనక్కి పోకుండా ముందుకే పొండి. మొదటి అధ్యాయం చావుల గురించి ఉంటుంది, అది చూసి మూసేయకండి. రెండోదానితో మొదలుపెట్టినా నష్టం లేదు, బట్టల దుకాణం అందులోనే ఉంది.